నువ్వు చెవిలో చెప్పిన టైటానిక్

నాన్నా,

ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. పోయిన ఆదివారం ఫోన్లో "ఏం సినిమాలు చూశావమ్మా" అనడిగావు కదా. ఐదు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని, "ఆఁ, ఇక్కడా అందరం బానే ఉన్నాం" అన్నావు. ఆ పూట ఫోన్ పెట్టేశాక అనుకున్నాను, నీకు సినిమా కబుర్లు చెప్పాలంటే కాగితమే దిక్కని. కాగితం ముందు నీ "ఆఁ, ఆఁ" లు చెల్లవు. తీరిగ్గా చదువు, కళ్లజోడు పెట్టుకుని.

ముందు థియేటర్లో చూసింది చెప్తాను. పేరు ఫ్లో. గింట్స్ జిల్బలోడిస్ అని లాట్వియా కుర్రాడు తీసిన బొమ్మల సినిమా. 2025లో యానిమేషన్‌కి ఆస్కార్ కొట్టింది, ఆ దేశానికి అదే మొట్టమొదటి ఆస్కారట. ఇక్కడ ఒక చిన్న హాల్లో మళ్లీ వేస్తుంటే వెళ్లాను. ఊళ్లకి ఊళ్లు నీళ్లలో మునిగిపోతుంటాయి, మనిషన్నవాడు కనపడడు. ఒక పిల్లి, ఒక కుక్క, ఒక లెమూరు, ఒక పొడుగుకాళ్ల పక్షి, పందంత ఎలకలా ఉండే కాపిబారా, ఇవన్నీ ఒకే పడవలో. గంటన్నర కూడా లేదు. అసలు సంగతేంటంటే, ఒక్క మాట లేదు. జంతువులు మనుషుల్లా మాట్లాడవు, వాటి అరుపులు అవి అరుస్తాయి, అంతే. (కాపిబారా అసలు గొంతు ఆ పాత్రకి నప్పలేదని ఒంటెపిల్ల గొంతు పెట్టారట. డబ్బింగ్ జంతువులకీ తప్పలేదు చూడు!) జంతువుల ఒళ్లు మాత్రం సగం చెక్కి వదిలేసినట్టు మొరటుగా ఉంటాయి, వీడియోగేమ్ చూస్తున్నట్టుంటుంది కాసేపు. నీళ్లు మాత్రం నీళ్లే. ఆ నీళ్లు ఎందుకొచ్చాయో, మనుషులెటు పోయారో చివరిదాకా చెప్పడు. చెప్పకపోవడమే నాకు నచ్చింది. నువ్వైతే ఒప్పుకోవు, తెలుసు.

నా వెనక వరసలో ఒకాయన పక్కనున్న కూతురికి సినిమా అంతా గుసగుసగా కథ చెప్తూనే ఉన్నాడు. మాటల్లేని సినిమాకి ఏం చెప్తున్నాడో అని చెవి అటు పడేశాను. పిల్లి ఏమంటోందో, పక్షి ఏం జవాబు చెప్తోందో అన్నీ తనే కల్పించేస్తున్నాడు! చుట్టుపక్కలవాళ్లు విసుక్కున్నారు. నాకు మాత్రం టైటానిక్ గుర్తొచ్చి నవ్వాగలేదు.

టైటానిక్‌ని నేను మొన్న ఇంట్లో మళ్లీ చూశాను నాన్నా. 194 నిమిషాలు, ఒక్క బిగిన. చిన్నప్పుడు నీ ఒళ్లో కూర్చుని చూసినప్పుడు ఇంగ్లీషు నాకు రాదు, నీకు వచ్చనుకునేదాన్ని. మొదట్లో కనపడే ముసలావిడ ఎవరంటే, హీరోయిన్ అత్తగారని చెప్పావు. ఆ నీలం రాయి వీళ్ల పుట్టింటిదని, అది తిరిగి ఇచ్చేయడానికే ఇంత దూరం వచ్చిందని, చివర్లో కోపమొచ్చి సముద్రంలో పారేసిందని చెప్పావు. ఆ ముసలావిడే హీరోయిన్ అని నాకు పెద్దయ్యాక గానీ తెలీలేదు. ఒక సంగతి చెప్పనా? నీ కథే బావుంది. అత్తగారు ఎనభై ఏళ్లు కోపం దాచుకోవడం నాకిప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. కామెరాన్ సినిమాలో ఓడ మునిగే గంటంతా ఇప్పటికీ వీరతాడు వెయ్యొచ్చు. అంతకుముందు నడిచే ప్రేమలో మాటలు మాత్రం కాస్త నాసిరకమే. అవి నాకు అర్థం కాకుండా కాపాడావు, ఆ పుణ్యం నీదే.

తర్వాత ఒక మన సినిమా. పెద్ద హీరో, పెద్ద ఖర్చు. పేరు రాస్తే నువ్వు వాళ్ల తరఫున నాతో దెబ్బలాడతావు, అందుకని రాయను. ఇక్కడ మన సినిమాలకి కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. హాల్లో సగంమంది ఆ అక్షరాలు చదివేవాళ్లే. ఒక తమాషా జరుగుతుంది: హీరో సగం మాటలో ఉండగానే పూర్తి వాక్యం కింద పడిపోతుంది, చదివేవాళ్లు ముందే నవ్వేస్తారు. ఆ నవ్వుల్లో మిగతా సగం మనకి వినపడదు. మనం నవ్వే వేళకి వాళ్లు తర్వాతి డైలాగులోకి వెళ్లిపోయుంటారు. శ్లేష ఉన్న చోట మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ మనమే నవ్వుతాం, వాళ్లు మన మొహాలు చూస్తారు. సినిమా సంగతంటావా, రెండో సగంలో వెనక వాయింపు ఎంత మోగించారంటే, చక్కగా వినపడే నా చెవులకే సగం మాటలు అందలేదు. కింద ఇంగ్లీషు చదివి తెలుగు అర్థం చేసుకున్నాను. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

అంటే వినపడకపోవడం నీ ఒక్కడి కష్టం కాదని చెప్పడానికే ఇదంతా. క్రిస్టఫర్ నోలన్ అంతటివాడు 2020లో టెనెట్ తీస్తే మాటలు వినపడట్లేదని లోకమంతా గోలపెట్టింది. నాకూ వినపడలేదు. వినపడిన చోట అర్థం కాలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు రాయాలనుకున్న సినిమా. సౌండ్ ఆఫ్ మెటల్. కొత్తదేం కాదు, నేను ఆలస్యంగా, ఇంట్లో, రాత్రిపూట ఒక్కదాన్నే చూశాను. రూబెన్ అని డ్రమ్స్ వాయించేవాడు. రిజ్ అహ్మద్ వేశాడు. ఒకరోజు ఉన్నట్టుండి చెవులు పోతాయి. మొదట్లో మనం బయటి నుంచి చూస్తుంటాం, శబ్దాలన్నీ మామూలుగా వినపడుతుంటాయి. హఠాత్తుగా అతని చెవిలోకి వెళ్లిపోతాం. ఎదుటివాడు మాట్లాడుతుంటాడు, మనకి నీళ్లలో మునిగి వింటున్నట్టు బుడబుడమని వస్తుంది, మాట అందదు. నేను టీవీ పాడైందనుకుని రిమోట్ తీసుకుని సౌండ్ పెంచాను. పెంచినా అదే. బుడబుడ పెద్దదైందంతే.

అక్కడ ఆపేశాను నాన్నా. లేచి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఫోన్లో నీకు వినపడనప్పుడల్లా నేను చేసేది అదే కదా, సౌండ్ పెంచడం. గొంతు చించుకుని "నాన్నా, వినపడుతోందా" అని అరవడం. నువ్వేమో "అరవకు, వినపడుతోంది, నువ్వు గొణుగుతున్నావు" అంటావు. నేను చిరాకు పడతాను. తర్వాత చదివితే తెలిసింది, వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలట. స, ష, త, క లాంటి హల్లుల పదునంతా వాటిలోనే ఉంటుంది. అచ్చులు లావు గొంతులో వస్తాయి కాబట్టి నిలబడతాయి. అందుకే గొంతు వినపడుతుంది, మాట విడిపడదు. అరిస్తే అచ్చులే పెరుగుతాయి. అంటే గొణుగుతున్నావని నువ్వు అన్నది నిజమే. మూడేళ్లుగా నువ్వు సరిగ్గానే చెప్తున్నావు, నేను వినిపించుకోలేదు.

మళ్లీ కూర్చుని మిగతాది చూశాను. తర్వాత అతను చెవి లోపల మిషను పెట్టే ఆపరేషన్ చేయించుకుంటాడు. అది పెట్టాక వినపడే లోకం రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. పాట పాడుతుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ముగింపు చెప్పను. 2021 ఆస్కార్లలో దీనికి శబ్దానికీ ఎడిటింగుకీ వచ్చాయి. నన్నడిగితే నిశ్శబ్దానికి వచ్చిందంటాను. ప్రియురాలి కథ కొంచెం సాగింది, తీసేసినా నష్టం లేదు. చెవులు పోయినవాళ్ల మధ్య అతను భోజనాల బల్ల దగ్గర మొదటిసారి కూర్చునే చోటు ఉంది చూడు, అందరూ చేతులతో గబగబా మాట్లాడుకుంటూ నవ్వుతుంటారు, అతనికొక్కడికీ ఏమీ తెలీదు. ఆ చోట నాకు మన హాలు కనపడింది. పండక్కి అందరం చేరి నవ్వుతుంటే నువ్వు కూడా ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతావు.

చెవి మిషను సంగతి ఎత్తనని అమ్మకి మాటిచ్చాను. ఎత్తట్లేదు. బీరువా సొరుగులో ఎడమవైపు ఉందని మాత్రం నాకు తెలుసు.

టీవీ సంగతి ఎత్తొచ్చుగా? సినిమాల్లో మాటలు మధ్య స్పీకర్లోంచి, సంగీతం పక్కల నుంచి రావాలని కలుపుతారు. మనింట్లో పలచటి టీవీకి స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అన్నీ కలిసి గోడకి కొట్టుకుని వస్తాయి. అందుకే సౌండ్ అరవైకి పెట్టినా అమ్మకి తలనొప్పి వస్తుంది తప్ప నీకు మాట అందదు. సెట్టింగుల్లో సౌండ్ దగ్గర స్పీచ్ అనో, క్లియర్ వాయిస్ అనో ఒకటి ఉంటుంది, తమ్ముడి చేత పెట్టించుకో. కింద అక్షరాలు కూడా పెట్టించు. "సినిమా చూడాలి గానీ చదవడమేంటి" అంటావని తెలుసు. మన సినిమాలకి తెలుగులో అక్షరాలు పడేవి నాకు తగిలినంతలో బహు అరుదు, ఇంగ్లీషే ఉంటుంది. తెలుగు సినిమాని తెలుగువాడు తెలుగులో చదువుకోలేకపోవడం మీద నువ్వు పత్రికకి ఒక లేఖ రాయొచ్చు, నీ చేతిరాత బావుంటుంది.

ఇంకోటి చూశాను, 12 యాంగ్రీ మెన్. 1957ది. మన మాయాబజార్ కూడా ఆ ఏడాదిదే. పన్నెండుమంది ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడమే సినిమా. పోనుపోనూ కెమెరాని కిందికి దించుకుంటూ, లెన్సులు మార్చుకుంటూ వెళ్లాడట సిడ్నీ లూమెట్, గది మన మీదికి వచ్చేస్తున్నట్టుంటుంది. అద్భుతం. కానీ నీకు వద్దు, అంతా మాటలే. మాయాబజార్ అయితే నీకు బెంగలేదు. రంగారావు గొంతులో ఒక్క హల్లు కూడా జారిపోదు. అయినా నీకు అది నోటికొచ్చు కదా, వినక్కర్లేదు కూడా.

నీ కోసం ఏరిపెట్టింది వేరే ఉంది. పుష్పక విమానం, సింగీతంగారిది, 1987. నువ్వు ఎప్పుడో చూసే ఉంటావు. నేను మొన్న శనివారం చూశాను, రెండుసార్లు. పూర్తి నిడివి సినిమా, ఒక్క డైలాగు లేదు, అయినా మూకీ కాదు. కమల్ హాసన్ ఉండే గది సినిమాహాలు పక్కన. రాత్రంతా హాల్లోంచి ఢిష్యూం ఢిష్యూంలు వినపడుతుంటే హాయిగా నిద్రపోతుంటాడు. అదృష్టం పట్టి పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర రాదు, మరీ నిశ్శబ్దం! వెనక్కి వెళ్లి ఆ గోలంతా టేపులో ఎక్కించుకొచ్చి, పెట్టుకుని పడుకుంటాడు. నాన్నా, ఈ దేశం వచ్చిన మొదటి నెలంతా నాకు నిద్ర పట్టలేదు, గుర్తుందా? నువ్వు పక్కగదిలో టీవీ పెట్టుకుని ఫోన్ పక్కన పెట్టేవాడివి. సింగీతంగారు నాకంటే చాలా ముందే కనిపెట్టేశారు ఈ మందు. మంచుకత్తుల హంతకుడు ఇప్పటికీ నవ్విస్తాడు. కమల్ కిడ్నాప్ చేసి దాచిన ఆ పెద్దమనిషి వ్యవహారం మాత్రం ఈసారి నాకు కాస్త ముతగ్గా అనిపించింది. నీకు అనిపించదు.

ఇందులో నీకు వినపడనిది ఏదీ లేదు. అమ్మకి ఎంత తెలుస్తుందో నీకూ అంతే. ఒక్కసారైనా ఆవిడ చెవిలో నువ్వే కథ చెప్పు.

ఆఖర్లో అమల వెళ్లిపోతూ గులాబీకి చుట్టి ఒక చీటీ విసురుతుంది కదా. గాలికి ఎగిరి, ఇతను చదవకుండానే మురుగుకాలవలో పడిపోతుంది. అది చూశాక అమ్మకి ఆ చీటీలో ఏం రాసుందని చెప్పావో, యథాతథంగా నాకు రాసి పంపు. అత్తగారిని మాత్రం తీసుకురాకు.

నీ
చిన్నమ్మాయి