రోటావేటర్: చైన్ డ్రైవా, గేర్ డ్రైవా?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం దుక్కులు మొదలయ్యాయంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే రోటావేటర్ల బేరాలు జోరందుకుంటాయి. ఎన్ని అడుగులు, ఎన్ని బ్లేడ్లు, రేటెంత అన్నదాకా డీలర్లు చెబుతారు. పక్క పెట్టెలో చైన్ ఉందా, గేర్లున్నాయా అన్నది మాత్రం రైతు అడిగితేనే బయటికొస్తుంది. తర్వాత రిపేరు ఖర్చంతా ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంటుంది.

ట్రాక్టర్ వెనుక నుంచి పనిముట్టుకు శక్తినిచ్చే పీటీవో నుంచి వచ్చే నిమిషానికి 540 చుట్ల వేగాన్ని నడిమి గేర్‌బాక్స్ తగ్గించి పక్కకు మళ్లిస్తుంది. అక్కడి నుంచి కింది బ్లేడ్ల షాఫ్ట్‌కు శక్తిని దించేది పక్క పెట్టె. చైన్ రకంలో రెండు స్ప్రాకెట్లు (పళ్ల చక్రాలు), చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఉంటాయి. గేర్ రకంలో సాధారణంగా పైన, నడుమ, కింద మూడు గేర్లు. రెండూ ఆయిల్‌లోనే తిరగాలి.

రాళ్ల చెల్కలో బ్లేడు రాయిని కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ చైన్ పిన్నుల మీద పడుతుంది. పిన్నులు అరిగి చైన్ సాగుతుంది, పళ్ల మీద ఎగురుతుంది, చివరికి తెగి పెట్టెనే పగలగొడుతుంది. సాగిందో లేదో తేల్చుకోవాలంటే పాత చైన్‌లో 20 లింకులను కొత్తదాని పక్కన పెట్టి కొలవండి. అర లింకు తేడా వస్తే మార్చాల్సిందే. స్ప్రాకెట్ పళ్లు కొక్కెంలా వంగి ఉంటే వాటినీ మార్చాలి. లేదంటే కొత్త చైన్ కూడా త్వరగా పాడవుతుంది.

గేర్లు ఈ దెబ్బలను బాగా తట్టుకుంటాయి. కానీ ఒక పన్ను విరిగితే ఆ ముక్క మిగతా గేర్లనూ తినేస్తుంది, ఖర్చు చైన్‌కు అయ్యేదానికంటే చాలా ఎక్కువ. ఆ కంపెనీ విడిభాగాలు దగ్గర్లో దొరకని ఊళ్లో గేర్ రకం కొనేముందు ఆలోచించుకోవాలి.

దమ్ములో అసలు శత్రువు నీళ్లు. కింది ఆయిల్ సీల్ తెగితే బురద నీరు లోపలికి చేరి ఆయిల్ పాల టీ రంగుకు తిరుగుతుంది. చైన్ పిన్నులు తుప్పుపట్టి అరిగి, చైన్ సాగుతుంది. గేర్లు ఇంకొంత కాలం నిలిచినా బేరింగులు పోతాయి. సీల్‌ను ఎక్కువగా కోసేవి షాఫ్ట్ చివర చుట్టుకునే నైలాన్ తాళ్లు, డ్రిప్ పైపులు, మల్చింగ్ షీటు ముక్కలు. సాయంత్రం ఇంజన్ ఆపి, పీటీవో విడదీసి, కింద దిమ్మెలు పెట్టాకే వాటిని కోసి తీయాలి. యంత్రాన్ని రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున పక్క పెట్టె ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి చూడండి. ముందు నీళ్లు కారితే సీల్ పోయినట్టే.

మా మాట సూటిగా ఇది: దమ్ముకు, రాళ్ల చెల్కకు, అద్దెకు తిప్పేవాళ్లకు గేర్ డ్రైవే కొనాలి. దుబ్బ నేలలో సొంత పొలం మెట్ట దుక్కికే వాడేవాళ్లకు, చిన్న ట్రాక్టరున్నవాళ్లకు చైన్ సరిపోతుంది. బరువు, ధర రెండూ తక్కువ.

ఏ రకమైనా పీటీవో షాఫ్ట్‌లోని షియర్ బోల్టు తెగితే దాని స్థానంలో గట్టి బోల్టు బిగించకండి. అది తెగడానికే ఉంది. అది తెగకపోతే దెబ్బ చైన్‌కో, గేర్లకో, ట్రాక్టర్ పీటీవోకో తగులుతుంది. మలుపుల్లో పీటీవో ఆపకుండా రోటావేటర్‌ను ఎత్తుకు లేపితే పీటీవో షాఫ్ట్ జాయింట్లు విరుగుతాయి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ వంటివి యంత్రాలను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో డ్రైవ్ రకం, బరువు వివరంగా ఉంటాయి. సబ్సిడీ జాబితాలో ప్రతి మోడల్ ఎదుట ఆ రెండింటినీ, చైన్ లేదా గేర్ సెట్టు ధరనూ తెలుగులో ముద్రించాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాం.

– ట్రాక్టర్ పనిముట్ల మెకానిక్‌లు,
మిర్యాలగూడ