గంటన్నరకి డుబ్రోవ్నిక్ ఎందుకు?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం సంచికలో యూరప్ ప్యాకేజీల ప్రకటనలు చూసినప్పుడల్లా మేం డుబ్రోవ్నిక్ వెళ్లిన రెండు సార్లూ గుర్తొస్తాయి. మధ్యధరా సముద్రానికి పాయలాంటి ఏడ్రియాటిక్ ఒడ్డున, క్రొయేషియాలో, చుట్టూ కోటగోడ ఉన్న పాత పట్టణం అది. మొదటిసారి ఒక టూర్ కంపెనీ బస్సులో వెళ్లాం. "గంటన్నర టైమ్, మళ్లీ బస్సు దగ్గర కలుద్దాం" అన్నారు. అందులో ఇరవై నిమిషాలు టాయిలెట్ క్యూలోనే పోయాయి. గైడు మాకు చూపించిందల్లా ఏదో ఇంగ్లీష్ సీరియల్ తీసిన మెట్లు!

రెండోసారి జర్మనీలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, నేనూ మా ఆవిడా సొంతంగా వెళ్లి ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దుపోయేదాకా నడిచే తిరిగాం. కోట లోపల కార్లు, బైకులు తిరగవు. పిలే ద్వారం దాటగానే ఒనోఫ్రియో ఫౌంటెన్. దాదాపు 12 కిలోమీటర్ల దూరం నుంచి 1438లో ఊళ్లోకి నీళ్లు తెచ్చారు. ఇప్పటికీ తాగొచ్చు, మేం సీసాలు నింపుకున్నాం. గుండులిచ్ కూడలిలో పొద్దున సంత జరుగుతుంది. పాకం పట్టిన నారింజ తొక్కలు కొన్నాం. మా ఆవిడ అవి ఇంట్లో చేస్తానంది, ఇంకా చేయలేదు.

గోడమీద చుట్టూ 1,940 మీటర్లు నడవొచ్చు. పైనుంచి చూస్తే కొన్ని పెంకులు వెలిసిపోయి, ఎక్కువ పెంకులు ఎర్రగా కొత్తగా కనిపిస్తాయి. 1991లో ఫిరంగి గుండ్లు పడి దెబ్బతిన్న కప్పులకి మళ్లీ నేసిన పెంకులవి. కింద నుంచి చూస్తే ఈ తేడా తెలియదు.

ప్లోచె ద్వారం బయట లాజరెట్టి అనే పాత భవనాల వరస ఉంది, రోగాలు అంటకుండా బయటివాళ్లని ఆపి ఉంచిన చోటు. ఆ భవనాలు తర్వాత కట్టినవే గానీ, ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు బయటే ఆగాలని ఈ ఊరు 1377లోనే చట్టం చేసింది. కోవిడ్‌లో 14 రోజులకే ఎంత గోల పెట్టామో! మొదటిసారి ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

పదింటికల్లా ఓడల జనం దిగారు. స్ట్రాడున్ వీధిలో అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. ఈ తాకిడి భరించలేకే ఆ ఊరు ఒకేసారి రెండు క్రూయిజ్ ఓడలకి మించి రాకూడదని పరిమితి పెట్టుకుంది. గంటన్నరకి బస్సుల్లో దిగే మనవాళ్లూ ఆ రద్దీలో భాగమే. సాయంత్రం వాళ్లంతా వెళ్లిపోయాక, సందుల్లో తీగల మీద ఆరేసిన బట్టలు తీసుకునే ఇల్లాళ్లు కనిపించారు. అప్పటిదాకా అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారనే అనిపించలేదు.

2023 జనవరి 1 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్ వీసాలోకి (ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరిగే ఏర్పాటు) వచ్చింది కాబట్టి, ఏజెంట్లకి ప్యాకేజీలో ఇంకో దేశం చేర్చడం తేలికైంది. నేను కోరేది ఒక్కటే. ప్రకటనలో దేశాల లెక్క వేసినట్టే, ఒక్కో ఊళ్లో ఎన్ని గంటలు ఆగుతారో, ఎంత నడవాలో కూడా అచ్చు వేయాలి. కోటగోడకి, ఉత్తరం వైపు సందులకి మెట్లు బోలెడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ సంగతి డబ్బు కట్టకముందే తెలియాలి. ఇలాంటి వివరాలున్న ప్రకటనలే తీసుకుంటామని మీ పత్రిక షరతు పెట్టగలదా?

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం