90 అని ముద్ర, 102 రంధ్రం: మీ కార్బొరేటర్ కిట్ మీద ఫిర్యాదు

కడప,
9 జూన్ 2025.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: 24 మి.మీ. కార్బొరేటర్ ట్యూనింగ్ కిట్‌లో తప్పుడు నంబర్ల జెట్లు, పట్టేసే స్లైడు. డబ్బు వాపసు ఇవ్వడం, ఆ లాట్ అమ్మకం ఆపడం గురించి.

అయ్యా,

ఏప్రిల్ 21న ఆన్‌లైన్‌లో మీ దగ్గర కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే భాగం) ట్యూనింగ్ కిట్ ఒకటి కొన్నాను. కొరియర్‌తో కలిపి 2,970 రూపాయలు. అందులో 90, 92.5, 95, 97.5, 100 నంబర్ల మెయిన్ జెట్లు (పెట్రోలు పోయే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కలు) ఐదు, యాక్సిలరేటర్ తిప్పితే పైకీ కిందికీ ఆడే స్లైడు ఒకటి, ఒక నీడిల్, ఒక ఫ్లోట్ వాల్వు ఉన్నాయి. నీడిల్‌తో, ఫ్లోట్ వాల్వుతో నాకు పేచీ లేదు. జెట్ల మీద, స్లైడు మీదే ఈ ఫిర్యాదు. ఇప్పటికే మీకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఒకసారి మెయిల్ పెట్టాను. వచ్చిన జవాబులు చూశాక జరిగిందంతా వివరంగా రాయక తప్పలేదు.

నా బండి 1991 మోడల్ బుల్లెట్ 350. పోత ఇనుము ఇంజను, కుడికాలి గేరు. మా నాయన కొన్నది, ఆయన పోయాక నా చేతికి వచ్చింది. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి స్పానర్ పట్టడం నాకు కొత్త కాదు. ఈ బండి మికార్బ్ కార్బొరేటర్‌ను ఇన్నేళ్లుగా విప్పేదీ నేనే, బిగించేదీ నేనే.

కిట్ ఎందుకు కొన్నానో చెబుతాను, ఎందుకంటే "జెట్లు మార్చాల్సిన అవసరం మీకేంటి?" అని మీ ఫోన్ అబ్బాయి అడిగాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఈ కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 కిలోలు చాలు. కొత్త బండ్లలో సెన్సర్ ఆ తేడా కనిపెట్టి సర్దుకుంటుంది. నా బండిలో సర్దేవాడు లేడు, జెట్ రంధ్రం ఎంతుంటే అంతే పెట్రోలు పోతుంది. పోయినేడాది నుంచి ప్లగ్ తీసి చూస్తే బిస్కెట్ రంగులో ఉండాల్సింది తెల్లగా సున్నం కొట్టినట్టుంది. హైవే మీద 70 దాటితే ఇంజను విపరీతంగా వేడెక్కుతోంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోందని అర్థం. సుమారు ఎనిమిది, తొమ్మిది శాతం పెట్రోలు పెరగాలి. జెట్ నంబరంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో వందో వంతుల్లో అని మీ ప్యాకెట్ మీదే అచ్చువేశారు. వైశాల్యం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి నా పాత జెట్ 90 నుంచి 92.5కు పోతే ఐదున్నర శాతం, 95కు పోతే పదకొండు శాతం. ఈ రెండింట్లో ఏదో ఒకటి కుదరాలి. నా లెక్క ఇంత సులువైనది, మీ నంబర్లు నిజమైతే.

ముందు 95 వేశాను, స్లైడు కూడా మీదే వేశాను. స్టార్టయింది. స్లోలో బాగానే ఉంది, అది పైలట్ జెట్ అనే వేరే చిన్న జెట్ పని. యాక్సిలరేటర్ ముప్పావు దాటేసరికి ఇంజను గొంతు పూడుకుపోయినట్టు గుడగుడమంది, సైలెన్సర్ నుంచి నల్లపొగ. వై జంక్షన్ దాకా పోయి వచ్చి ప్లగ్ తీస్తే కాటుక పట్టినట్టుంది. సరే ఎక్కువైందనుకుని మీ 90 వేశాను. పాత జెట్టూ 90, ఇదీ 90. కనీసం మునుపటిలా తెల్లబడాలి కదా? మళ్లీ నల్లపొగే. నీడిల్ క్లిప్ ఒక మెట్టు పైకి వేసి నీడిల్ దించాను, ఎయిర్ స్క్రూ తిప్పాను, ఫ్లోట్ ఎత్తు సరిచూశాను, ఎయిర్ ఫిల్టర్ దులిపాను, ప్లాటినం పాయింట్ల గ్యాప్ చూశాను. తొమ్మిది రోజులు ఇదే పని. మే నెల, కడప ఎండ. లీటరుకు 35 ఇచ్చే బండి 26కు పడిపోయింది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్లో కలిసింది, డిప్‌స్టిక్ తీస్తే పెట్రోలు వాసన. ఆయిల్ మార్చాల్సి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ తప్పు నా చేతిలోనే ఉందని అనుకున్నాను. అది నాకు బాగా బాధ కలిగించిన విషయం.

ఎర్రముక్కపల్లిలో నా ఈడు మెకానిక్ ఒకాయన ఉన్నాడు, అందరం భాయ్ అంటాం. ఆయన బండి ఒక చుట్టు తిప్పి వచ్చి, "సార్, మీ చెవిలో తప్పు లేదు. ఆ జెట్ విప్పి నాకు చూపించండి" అన్నాడు. తన డబ్బాలోంచి ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్ తీసి వేళ్లతోనే జెట్‌లో పెట్టాడు. 90 అంటే 0.90 మి.మీ. కదా? ఒక మిల్లీమీటరు బిట్ అందులో సునాయాసంగా దూరి అవతల తేలింది. నా పాత 90లో అదే బిట్ దూరలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఖాళీ సెలైన్ బాటిల్ ఒకటి సంపాదించి, మేడ మీద నీడలో కొక్కేనికి వేలాడదీసి, ట్యూబు కొసకు జెట్ బిగించాను. వంద మిల్లీలీటర్ల పెట్రోలు ఒక గీత నుంచి ఇంకో గీతకు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూశాను. ఒకే బాటిల్, ఒకే ఎత్తు, ఒకే పెట్రోలు. ఒక్కో జెట్టుకు మూడుసార్లు చేశాను, సెకనుకు మించి తేడా రాలేదు.

నా పాత 90 జెట్టుకు 82 సెకన్లు. మీ 90కి 64. దాన్నిబట్టి లెక్కేస్తే అది దాదాపు 102. మీ 95కు 73, 74 సెకన్లు పట్టాలి, 61కే ఖాళీ అయింది, అంటే 104. మీ 100కు 70 సెకన్లు. అంటే 100 అని ముద్ర ఉన్నది 90 అని ముద్ర ఉన్నదానికంటే సన్నం! ఐదింటిలో నిజం చెప్పింది 92.5 ఒక్కటే, 78 సెకన్లు. ఇక 97.5కు 88 సెకన్లు పట్టింది. ఇది చిన్న విషయం కాదు, దయచేసి నిదానంగా చదవండి. అది నా పాత 90 కన్నా సన్నం, సుమారు 87. ఎవరైనా కుర్రాడు సైలెన్సర్ మార్చి, పెట్రోలు ఎక్కువ కావాలని నమ్మి ఆ 97.5 వేసుకుని హైవే ఎక్కితే పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేయొచ్చు. అట్లా పట్టేస్తే వేగంలో ఉండగా వెనక చక్రం బిగుసుకుపోతుంది. ముద్ర చూసి పెట్రోలు పెంచుతున్నాననుకుంటాడు, నిజానికి తగ్గిస్తున్నాడు.

జెట్లు తీసుకుని బజారులో మాకు తెలిసిన కంసాలి దగ్గరికి పోయి రాళ్లు చూసే ఆయన భూతద్దంలో చూశాను. పాత జెట్ నోరు గరాటులా నున్నగా ఉంది, లోపల గోడ అద్దంలా మెరుస్తోంది. మీ 90లో లోపలంతా మరచుట్టులా గీతలు, నోటి దగ్గర ఇత్తడి పొట్టు ఒకటి రంధ్రంలోకి వంగి ఉంది. డ్రిల్ చేసి అట్లాగే వదిలేశారు. కొలిచి చూసినవాడెవరూ లేడని ఆ పొట్టే చెబుతోంది. ఫోటోలు జతచేశాను.

92.5 వేశాక బండి బ్రహ్మాండంగా కుదిరింది, ప్లగ్ మళ్లీ బిస్కెట్ రంగుకు వచ్చింది. ఆ ధైర్యంతోనే మే 18న నేనూ మా ఆవిడా రాయచోటికి పోయాం. తిరుగు ప్రయాణంలో గువ్వలచెరువులో ఆగి పాలకోవా కట్టించుకున్నాం. బండి పది నిమిషాలు ఎండలో నిలబడింది. ఘాట్ దిగడం మొదలుపెట్టి రెండో మలుపు దగ్గర యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజను తగ్గలేదు. పిడి వెనక్కి వచ్చింది, కేబుల్ వదులయింది, స్లైడు మాత్రం పైనే ఉండిపోయింది. ఎదురుగా లోడు లారీ. క్లచ్ పట్టగానే ఇంజను ఇంకా అరిచింది. ఎడమ చేతి కింద సిలిండర్ ఒత్తిడి వదిలేసే డీకంప్రెషర్ లివర్ ఉండబట్టి అది నొక్కి ఇంజను ఆపి, రెండు బ్రేకులతో బండిని గోడ వారకు చేర్చాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "ఇంక ఈ బండెక్కను" అంది. ఇన్నేళ్లలో ఏనాడూ అనని మాట.

ఇంటికొచ్చి స్లైడు విప్పితే ఒక పక్కన వెడల్పాటి మెరుపు గీత, గట్టిగా రాసుకున్న గుర్తు. వెర్నియర్‌తో కొలిస్తే నిలువు కొలతకూ అడ్డం కొలతకూ 0.06 మి.మీ. తేడా. కోడిగుడ్డులా ఉంది. చల్లగా ఉన్నప్పుడు కిందికీ పైకీ బాగానే ఆడుతుంది, వేడికి ఉన్న కాస్త సందూ తగ్గి పట్టేస్తుంది. పాత స్లైడు మళ్లీ వేశాక ఆ సమస్య ఒక్కసారి కూడా రాలేదు.

మీ జవాబుల సంగతి. ఫోన్‌లో "పాత బండ్లంటే ఇట్లాగే ఉంటాయి సార్" అన్నారు. కొత్త భాగంలో తప్పుంటే పాత బండి ఏం చేస్తుంది? మెయిల్‌లో మూడు కారణాలు రాశారు: మా ఊరి ఎత్తు, పెట్రోలు నాణ్యత, మెకానిక్ నైపుణ్యం. కడప సముద్రమట్టానికి సుమారు 138 మీటర్లు. ఎత్తును బట్టి జెట్లు మార్చాల్సింది 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్ లాంటి చోట్ల. అయినా ఎత్తు మారితే కావాల్సిన జెట్ మారుతుంది గానీ 90 అని కొట్టిన రంధ్రం 102 అవుతుందా? ఆరు జెట్లకూ ఒకే పెట్రోలు వాడానని పైన రాశాను. ఇక నైపుణ్యం అంటారా, బాటిల్ వేలాడదీసి సెకన్లు లెక్కపెట్టడానికి నైపుణ్యం అక్కర్లేదు. మీ ఫ్యాక్టరీలో ఎవరితోనైనా అదే చేయించండి.

పాత బండి పెట్టుకున్నవాళ్లకు షోరూమ్ లేదు, కంపెనీ సర్వీసు లేదు. కార్బొరేటర్ ట్యూనింగ్ అంటే ఒకసారికి ఒక్కటే మార్చి, విని, ప్లగ్ చూసి, మళ్లీ మార్చడం. ఆ పనికి ఆధారం జెట్ మీది నంబరు ఒక్కటే. మీలాంటి చిన్న కంపెనీలు ఇంకా ఈ సామాన్లు చేస్తున్నందుకు నేను నిజంగా సంతోషించినవాణ్ణి. పదిమందికి మీ పేరు చెప్పాను కూడా. ఆ పదిమందికీ ఇప్పుడు నేనే ఫోన్ చేసి ఆ స్లైడు తీసేయమని చెబుతున్నాను.

నేను కోరేది ఇది. కిట్ ధర, కొరియర్ 2,970, ఆయిల్ 850, ప్లగ్ 150, మొత్తం 3,970 రూపాయలు వాపసు ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, ఆ లాట్ అమ్మకం వెంటనే ఆపండి, కొన్న ప్రతి ఒక్కరికీ స్లైడు వాడొద్దని, జెట్ల నంబర్లు నమ్మొద్దని మీరే మెసేజ్ పంపండి. వాళ్ల ఫోన్ నంబర్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఊరుకుంటాను, ఆ మెసేజ్ ఆలస్యమైతే ఊరుకోను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

సామాను ముందు వెనక్కి పంపితేనే పరిశీలిస్తామని రాశారు. కొరియర్‌లో పంపను. ఐదు జెట్లూ, స్లైడూ ఒక్కోటి ఒక్కో కవరులో పెట్టి, పైన సెకన్లు రాసి ఉంచాను. మీ మనిషిని పంపండి. బాటిల్ ఇంకా కొక్కేనికే ఉంది, ఆయన ఎదురుగానే మళ్లీ కొలిచి చూపిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు,
కడప.

జత: బిల్లు నకలు, జెట్ల, స్లైడు ఫోటోలు, మీ మెయిల్ నకలు.