మైలుతుత్తం రంగు చూపి వదిలేయకండి, తూకం వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పదో తరగతి ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో మైలుతుత్తాన్ని (నీలి కాపర్ సల్ఫేట్ స్ఫటికాలను) వేడిచేసే కృత్యం ఉంది. పరీక్షనాళికలో నాలుగు పలుకులు వేసి కాలుస్తారు. నీలం పోయి తెల్లబడుతుంది, చుక్క నీళ్లు వేస్తే మళ్లీ నీలం వస్తుంది. చాలాచోట్ల పాఠం అక్కడితో సరి. అదే పనికి తూకం జోడిస్తే స్ఫటికంలో నీరు ఎంత శాతమో పిల్లలే తేల్చగలరు. మన జీడిమెట్ల ఫార్మా ల్యాబుల్లో రోజూ జరిగే 'లాస్ ఆన్ డ్రయింగ్' (ఆరబెడితే ఎంత బరువు తగ్గిందో చూసే) పరీక్షకూ మూలం ఇదే.

కావలసినవి మూత ఉన్న పింగాణీ మూస (క్రూసిబుల్), బర్నర్, పటకారు, 0.01 గ్రాము దాకా చూపే కాటా. 0.1 గ్రాము చూపే వంటింటి కాటా వద్దు. మూడు గ్రాముల పొడిలో ఆ ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఫలితం మూడు శాతానికి పైగా మారిపోతుంది.

ముందు ఖాళీ మూసను ఐదు నిమిషాలు కాల్చి, చల్లార్చి తూయాలి. లేకపోతే పింగాణీకి పట్టిన తేమ కూడా స్ఫటిక జలం లెక్కలో కలుస్తుంది. స్ఫటికాలను కల్వంలో నూరాలి. పెద్ద పలుకులు వేడికి చిటపటమంటూ బయటికి ఎగురుతాయి, ఎగిరిన ప్రతి రవ్వా ఆవిరైన నీటి ఖాతాలో పడుతుంది. మూత కాస్త ఓరగా పెట్టి, మొదట సన్నటి సెగ, ఆ తర్వాత పెద్ద మంట.

అసలు చిక్కు ఇక్కడే. మైలుతుత్తం ఫార్ములా CuSO₄·5H₂O. అందులోని ఐదు నీటి అణువుల్లో నాలుగు 110 డిగ్రీల సెల్సియస్‌లోపే పోతాయి. ఐదోది వదలాలంటే 200 దాటాలి. నాలుగు పోయేసరికే పొడి దాదాపు తెల్లబడుతుంది. పని అయిపోయిందనుకుని మంట ఆర్పేస్తే 36 రావలసిన చోట 29 శాతమే వస్తుంది. కాబట్టి రంగును నమ్మకూడదు. కాల్చి, చల్లార్చి, తూచి, మళ్లీ పది నిమిషాలు కాల్చాలి. వరుసగా రెండుసార్లు ఒకే తూకం వస్తేనే ఆపాలి.

ఒక లెక్క చూడండి. ఖాళీ మూస 24.36 గ్రాములు, పొడితో 27.36. మొదటిసారి కాల్చాక 26.39, రెండోసారి 26.28, మూడోసారి కూడా 26.28. పోయిన నీరు 1.08 గ్రాములు. దాన్ని మొదట తీసుకున్న 3.00తో భాగిస్తే 36.0 శాతం. ఫార్ములా ప్రకారం రావలసింది 36.1. మొదటి తూకంతోనే ఆపి ఉంటే 32.3 వచ్చేది. పిల్లలు తరచూ మిగిలిన తెల్లపొడి 1.92తో భాగించి 56 అని రాస్తారు. ఏ బరువులో శాతం అడిగామో ముందే బోర్డు మీద రాయించాలి.

మంట మరీ ఎక్కువైతే పొడి నల్లబడుతుంది. అది కాపర్ ఆక్సైడ్. గంధకపు ఘాటు పొగలు వస్తాయి, శాతం 36 దాటిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, బూడిదరంగు తొంగిచూడగానే మంట తగ్గించాలి. గాజుకడ్డీతో కలిపితే ఆ కడ్డీని కూడా మొదటినుంచీ మూసతో కలిపే తూయాలి, దానికి అంటిన పొడి తక్కువేం కాదు.

వేడి మూసను కాటా మీద పెడితే చుట్టూ గాలి పైకి లేచి తూకం తక్కువ చూపిస్తుంది. పోనీ బల్ల మీద చల్లారనిద్దామంటే, జులై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్ గాలిలోని తేమను ఆ తెల్లపొడి పీల్చేసుకుంటుంది. కాటా మీద అంకె నెమ్మదిగా పెరుగుతూ కనిపిస్తే కారణం ఈ రెండింటిలో ఒకటి. అందుకే డెసికేటర్‌లో, అంటే తేమ చేరని మూత పాత్రలో, చల్లార్చాలి. అది లేకపోతే బిగుతు మూత డబ్బాలో తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ వేసి, దాని పైన జల్లెడ మీద మూసను ఉంచవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. 33 శాతం వచ్చిన పిల్లవాడి రికార్డులో 36 అని దిద్దించకండి. తన మూడు తూకాలూ ఉన్నవి ఉన్నట్టు రాయించి, నీరు ఎక్కడ మిగిలిపోయిందో వాడినే వెతకనివ్వండి.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్