ఆటలో ఆడవేషం

అయ్యా,

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. రాత్రిళ్లు స్నేహితులతో ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడు. అందులో వాడు ఎంచుకున్నది జడేసుకున్న ఆడపిల్ల బొమ్మను. మొన్న స్పీకర్లోంచి ఒకడు ‘చీరెప్పుడు కడతావురా?’ అన్నాడు. మిగతావాళ్లు ఒకటే నవ్వు. నేనడిగితే మావాడు, ‘గంటసేపు చూస్తూ కూర్చునే బొమ్మ కదమ్మా, నచ్చింది పెట్టుకున్నా’ అన్నాడు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు.

మా బాపట్లలోనే పుట్టిన నాటక నటుడు స్థానం నరసింహారావు గారు ఆడవేషం కట్టి సత్యభామగా స్టేజీ ఎక్కితే జనం బళ్లు కట్టుకుని వెళ్లేవారని మా తాతయ్య చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి నాట్యంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు కట్టిన సత్యభామ వేషం సంగతి చెప్పనే అక్కర్లేదు. (వాళ్లది ఏళ్ల సాధన, మావాడిది ఒక్క నొక్కు. ఒప్పుకుంటాను.) అలాంటి చోట బొమ్మను చూసి వెక్కిరింపులా?

నన్ను ఎక్కువ బాధపెట్టింది మా అమ్మాయి సంగతి. డిగ్రీ చదువుతోంది, అదే ఆట ఆడుతుంది. కానీ మగబొమ్మ, మగపేరు, మైకు ఎప్పుడూ ఆఫ్. ఒక్కసారి మాట్లాడిందట. గొంతు వినగానే ఒకడు ఫోన్ నంబరు అడిగాడు, ఇంకొకడు వెళ్లి అన్నం వండుకోమన్నాడు. ఆట అయ్యాక కూడా మెసేజీలు ఆగలేదు. తమ్ముడిది సరదా, అక్కది తప్పనిసరి. 1986 నాటి ‘మెట్రాయిడ్’ వీడియో ఆటలో ఒళ్లంతా కవచం తొడుక్కుని పోరాడే పాత్ర ఒకటి ఉంది. ఆ కవచం లోపల ఉన్నది ఆడమనిషని త్వరగా ఆట ముగించినవాళ్లకే తెలిసేదట. మా అమ్మాయి ఇంకా ఆ కవచంలోనే ఉంది.

బొమ్మలకు ఇప్పుడు కొదవ లేదు. ఆడపాత్రలు పెడితే యానిమేషన్ పని రెట్టింపవుతుందని 2014లో చెప్పి మాటలు పడ్డ ఆటల తయారీ సంస్థ యూబీసాఫ్టే, 2018లో ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో ఆడపాత్ర కసాండ్రా కావాలో మగపాత్ర అలెక్సియోస్ కావాలో మీరే ఎంచుకోండి అంది. మారనిది మైకు పట్టుకున్నవాళ్ల నోరు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో ఆటలను, గుర్తించింది. డబ్బు పెట్టే ఆటలను నిషేధించడం మంచిదే. గుర్తింపు పొందిన ఆటకు మైదానంలో ఉన్నట్టే మాటకూ నియమం ఉండాలి కదా. క్రికెట్‌లో నోరు జారితే అంపైరు ఊరుకోడు. కాలేజీ ఫెస్టుల్లో ఈ పోటీలు పెట్టేవాళ్లు వాయిస్ చాట్ రికార్డు చేసి, ఆడపిల్లను వేధించిన జట్టును అక్కడికక్కడే పోటీ నుంచి తప్పించాలి. ఫిర్యాదు చేసిన పిల్ల పేరు మాత్రం బయటకు రాకూడదు.

ఇట్లు,
ఒక తల్లి, బాపట్ల