మా భోజనశాలకు మద్యం లైసెన్సు కొనడం లేదు

న్యూజెర్సీలోని మా చిన్న భోజనశాలకు ఎనిమిదేళ్లుగా వస్తున్న మీ అందరికీ నమస్కారం.

"ఊళ్లో పాత బార్ మూతపడుతోందట, దాని లైసెన్సు మీరే తీసుకుంటున్నారట కదా" అని రెండు నెలలుగా కనిపించిన ప్రతివారూ అడుగుతున్నారు. మాట నిజమే. వెళ్లి అడిగాం, బేరం కూడా చాలా దూరం నడిచింది. పోయిన వారం మాకు వద్దని చెప్పి వచ్చాం. ఆ కారణం మీకు నా నోటితోనే చెప్పాలనిపించింది.

ఈ రాష్ట్రంలో హోటళ్లకు మద్యం లైసెన్సు ఇచ్చేది పట్టణాలే. కానీ ఎన్ని ఇవ్వాలన్నది వాటి ఇష్టం కాదు. జనాభాను బట్టి పరిమితి 1947 నుంచీ ఉంది. ఇప్పటి లెక్క ప్రకారం, కూర్చుని తాగే చోట్లకు 3,000 మందికి ఒకటి, సీసాలు అమ్మే దుకాణాలకు 7,500 మందికి ఒకటి. మా పట్టణ జనాభా దాదాపు 27,000. అంటే మాలాంటి హోటళ్లకూ బార్లకూ కలిపి తొమ్మిది. ఆ తొమ్మిదీ నేను ఈ దేశంలో అడుగుపెట్టక ముందే ఎవరెవరి చేతుల్లోనో ఉన్నాయి. జనాభా పెరగాలి, లేదా ఉన్నవారిలో ఒకరు వదులుకోవాలి. మాలాంటివారికి మామూలుగా ఉన్న దారులు ఇవే.

లైసెన్సు ఉన్నవారు ఏటా పట్టణానికి కట్టే రుసుము 2,500 డాలర్లు దాటకూడదని చట్టం. మమ్మల్ని అడిగిన ధర 6 లక్షల డాలర్లు. మధ్యలో ఉన్నదంతా ఆ కాగితానికి ఉన్న కరువు విలువ.

మన దగ్గర పద్ధతి వేరు. తెలంగాణలో వైన్ షాపులకు రెండేళ్లకోసారి లాటరీ తీస్తారు. 2023లో దరఖాస్తుకే 2 లక్షల రూపాయలు, 2025లో 3 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఆంధ్రలో 2024 అక్టోబరులో 3,396 షాపులకు ఇలాగే డ్రా తీశారు. అక్కడ గడువు తీరితే లైసెన్సు ప్రభుత్వానికి వెళ్లిపోతుంది. ఇక్కడ ఏటా జూలై 1న పునరుద్ధరించుకుంటూ పోతే అది అదే చేతిలో ఉండిపోతుంది, అమ్ముకోవాలంటే పట్టణ కౌన్సిల్ ఒప్పుకోవాలి. అందుకే ఊరి నుంచి వచ్చిన పెద్దలకు ఈ ధర చెబితే ముందు నమ్మరు.

అసలు చిక్కు బ్యాంకు దగ్గర వచ్చింది. లైసెన్సు ఆస్తి కాదని, తాకట్టుకు పనికిరాదని ఇక్కడి చట్టంలోనే రాసి ఉంది. ఆరు లక్షలు పోసి కొన్నదాన్ని చూపించి అప్పు అడిగితే, "ఇంకేం ఉంది?" అన్నారు. మాకున్నది ఇల్లు ఒక్కటే. పదేళ్ల గడువు, పది శాతం వడ్డీ వేసుకుంటే నెలకు దాదాపు 8,000 డాలర్ల వాయిదా. మా దగ్గర నెలకు రెండు వేల రెండు వందల మంది తింటారు. తలకు మూడున్నర డాలర్ల పైమాటే. గోంగూర మాంసం తినేవారి మీదా, ఆదివారం పిల్లలతో పెసరట్టు కోసం వచ్చేవారి మీదా ఆ భారం వేయలేను. మద్యం లాభంతోనే వాయిదా కట్టవచ్చు కదా అన్నారు కొందరు. కట్టవచ్చు, కానీ అప్పుడు ప్రతి టేబుల్ దగ్గరా ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు అని మేమే అడుగుతుండాలి. అలా అడిగే మనిషిని నేను కాను. కాగితాల మీద సంతకాలు చేయాల్సిన రోజుకు ముందు రాత్రి నా భార్య, నేను వంటింట్లో కూర్చుని ఈ లెక్కలే మూడుసార్లు వేశాం.

ఇంకో సంగతి కూడా నన్ను ఆపింది. ఈ పరిమితిని క్రమంగా ఎత్తేయాలని అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ 2023లో ప్రతిపాదించారు. అప్పులు చేసి కొన్నవారు గట్టిగా ఎదిరించారు, అది ముందుకు సాగలేదు. 2024 జనవరిలో వచ్చిన చట్టం, వాడకుండా దాచిపెట్టిన లైసెన్సులను మళ్లీ వాడకంలోకి తెచ్చే దారి మాత్రం చూపింది. పరిమితి పోవాలనే నా కోరిక, ఇప్పటికే కొన్నవారికి నష్టపరిహారంతో సహా. నేనే కొని ఉంటే? రేపు మరో చిన్న హోటల్‌వాడికి లైసెన్సు రాకూడదని కౌన్సిల్ ముందు నిలబడి వాదించాల్సింది నేనే. ఆ ఊహే నాకు మింగుడు పడలేదు.

కాబట్టి మీ సీసా మీరే తెచ్చుకునే పద్ధతే కొనసాగుతుంది. దానికీ నియమాలు ఉన్నాయి. బీరు, వైను మాత్రమే తేవచ్చు. విస్కీ, బ్రాందీ, వోడ్కా కుదరవు. 21 ఏళ్లు నిండనివారికి, అప్పటికే మత్తులో ఉన్నవారికి మేము అనుమతించకూడదు. మిగిలిన వైను ఇంటికి తీసుకెళ్లేటప్పుడు సీసాను కారు డిక్కీలోనే పెట్టండి. ఈ సౌకర్యం కూడా పట్టణం వద్దంటే పోతుంది. 1879లో మెథడిస్టు ప్రచారకులు స్థాపించిన, ఇదే రాష్ట్రంలోని ఓషన్ సిటీలో మద్యం అమ్మరు. హోటళ్లకు సీసా తెచ్చుకోనివ్వాలా అని 2012లో ఓటు పెడితే అక్కడి ప్రజలు వద్దన్నారు.

మొన్న మార్చిలో జరిగినది చెప్పాలి. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వియ్యంకుడికి విందు ఇస్తున్నారు. విమానాశ్రయంలో కొన్న విస్కీ సీసాను ఊదారంగు మఖమల్ సంచిలోంచి తీసి టేబుల్ మీద పెట్టారు. నేను వెళ్లి సీసా మీద చెయ్యి అడ్డం పెట్టి, అందరికీ వినబడేలా కుదరదన్నాను. "మనవాళ్లమే కదా బాబూ, ఒక్క పెగ్గు" అన్నారాయన మెల్లగా. మళ్లీ కుదరదన్నాను. ఆయన సీసాను సంచిలో పెట్టి, తాడు రెండు ముడులు వేశారు. తర్వాత ఆ టేబుల్ దగ్గర మాటలు వినబడలేదు. కాదనడం తప్పు కాదు. మరోసారి అడిగినా కాదనే అంటాను. కానీ వియ్యంకుడి ముందు ఆ వయసు మనిషిని అలా నిలబెట్టడం నా తప్పే. పక్కకు పిలిచి చెప్పాల్సింది. ఆ కుటుంబం ఇది చదివితే, నన్ను క్షమించమని ఆయనకు చెప్పండి. ఇప్పుడు టేబుల్ బుక్ చేసుకునేటప్పుడే ఫోనులో ఈ నియమాలు చెబుతున్నాం.

రెండో తప్పు ఇంకా పాతది. మొదటి ఏడాది సెప్టెంబరులో, అక్టోబరులో కలిపి ఆరు వారాలు, తెచ్చుకున్న ప్రతి సీసాకు 5 డాలర్లు వేశాం. గ్లాసులు కడగాలి, ఐసు ఇవ్వాలి కదా అనుకున్నాం. లైసెన్సు లేనివారు ఆ పేరుతో ఒక్క సెంటు తీసుకున్నా నేరమని మా లెక్కలు చూసే ఆయన చెప్పాక ఆ రోజే ఆపేశాం గానీ, తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. గ్లాసులు, ఐసు, సీసా చల్లబరచడం అన్నీ ఉచితం, ఇక ముందూ అంతే. ఆ ఆరు వారాల్లో డబ్బు కట్టినవారు కౌంటర్ దగ్గర ఒక్క మాట చెప్పండి. బిల్లు అక్కర్లేదు, ఎన్ని సీసాలో మీకు గుర్తున్నంత చాలు, తిరిగి ఇచ్చేస్తాం.