సెలక్షన్స్‌కు ముందు ఆరు వారాలు ఇవ్వండి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో, ఆదోని వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. కొత్త స్టేడియం కోసమో, సింథటిక్ ట్రాక్ కోసమో రాస్తున్న ఉత్తరం కాదిది. అవి అడిగేవాళ్లు మీ చుట్టూ చాలామందే ఉంటారు. నేనడిగే దాంట్లో మొదటిదానికి పైసా ఖర్చు లేదు. స్కూల్ గేమ్స్ సెలక్షన్స్ ఎప్పుడో కనీసం ఆరు వారాల ముందు చెప్పండి.

ఇప్పుడేం జరుగుతోందంటే, ఓ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది, ఎల్లుండే మండల స్థాయి అండర్-14, అండర్-17 అని. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని గ్రౌండుకు పిలిచి పరిగెత్తిస్తాం. మా ఆదోని, ఆలూరు, పత్తికొండ ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారని మీకు తెలియనిది కాదు. వాళ్లతో పోయిన పిల్లలు నెలల తరబడి గ్రౌండు ముఖం చూడరు. దానికి వేసవి సెలవులు తోడు. మిరపకాయలు కోసొచ్చిన పిల్లకు ఓపిక లేదని కాదు, నాకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ వేగంగా పరిగెత్తుతూ ఠక్కున ఆగి పక్కకు తిరిగే పని ఆ మోకాలికి అలవాటు తప్పిపోయి ఉంటుంది. కండరం, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ కొద్దికొద్దిగా పెరిగే బరువును తట్టుకుంటాయి. ఒక్కసారిగా మీద పడితే తట్టుకోలేవు. ఆటల్లో వచ్చే గాయాలకు ఇదో పెద్ద కారణం.

మా అమ్మాయి ఒకతి కబడ్డీలో కూతకు పోయి, ఎవరూ తాకకుండానే పడిపోయింది. వెనక్కి తిరగబోయింది, పాదం అక్కడే ఆగింది, మోకాలు లోపలికి మెలిపడింది. టప్‌మన్న శబ్దం గీత బయటున్న నాకూ వినబడింది. సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోయింది. ఇంట్లోవాళ్లు పసరు కట్టు కట్టించారు, వాళ్లననడానికేం లేదు, బెణుకే అనుకున్నారు. మోకీలు లోపల పూర్తిగా తెగిన ఏసీఎల్ లిగమెంట్ కట్టుతో అతుక్కోదు. ఆపరేషన్ చేయించినా మళ్లీ ఆడాలంటే తొమ్మిది నెలలైనా ఆగాలి. ఆ ఏడు ఆ పిల్ల ఆట అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, పై అధికారుల దృష్టికి వచ్చినట్టు లేదు. మా పిల్లలు నేర్చుకునేది మట్టి కోర్టులో, ఉత్త కాళ్లతో. పెద్ద పోటీలకు పోతే మ్యాట్, కాళ్లకు బూట్లు. మట్టి మీద కాలు కాస్త జారుతుంది, ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుపోయినట్టు ఆగుతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. పోటీ రోజే మొదటిసారి మ్యాట్ ఎక్కించడం కన్నా ప్రమాదం ఏముంటుంది? డివిజన్‌కు ఒక సెట్ మ్యాట్లు ఇచ్చి, స్కూళ్లు వంతులవారీగా వాడుకునేలా చూడండి. మా దగ్గర మట్టి కోర్టులు కూడా నల్లరేగడే. ఎండాకాలం నెర్రెలిచ్చి పాదం సగం దిగుతుంది. ఉపాధి హామీ పనుల్లో నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించినా చీలమండలు బతుకుతాయి.

ఆరు వారాల్లో ఏం చేస్తారని మీరు అడగొచ్చు. ఫుట్‌బాల్ వైద్యులు తయారుచేసిన ‘11+’ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాల పని, సామాను అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల జట్లతో చేయించి చూస్తే మొత్తం గాయాలు మూడో వంతు దాకా, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయని 2008లో తేలింది. అందులో ఒకటి చెబుతాను. పిల్ల మోకాళ్ల మీద నిలబడుతుంది, జోడీ వెనక నుంచి మడమలు గట్టిగా పట్టుకుంటుంది. నడుము వంచకుండా, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకు వాలాలి. తొడ వెనక కండరం వణుకుతుంది, చివరికి చేతుల మీద పడతారు, నవ్వుకుంటారు. మొదటి వారం నాలుగైదు సార్లు చాలు. మర్నాడు తొడలు పట్టేశాయని ఫిర్యాదులొస్తాయి, పట్టించుకోవద్దు. పరుగులో తొడ వెనక కండరం చిరిగే గాయాలను ఇది సగం వరకు తగ్గిస్తుంది. ఇంకోటి, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూడటం. అమ్మాయిలకు ఏసీఎల్ ముప్పు అబ్బాయిలకన్నా ఎక్కువ కాబట్టి వాళ్లకు తప్పనిసరి. ఇవన్నీ పీఈటీలకు రెండు రోజుల శిక్షణలో నేర్పొచ్చు. మాకిచ్చే శిక్షణల్లో ఇప్పుడు ఎక్కువ సేపు యాప్‌లో ఫొటోలు ఎలా ఎక్కించాలో చెబుతున్నారు.

తిండి సంగతి కూడా. రాష్ట్రంలో పది మంది మహిళల్లో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది జేబులోకి పోతుంది, కడుపులోకి పోదు. రక్తం తక్కువున్న పిల్ల తొందరగా అలిసిపోతుంది, అలిసిన కాలు తప్పటడుగు వేస్తుంది. ఆటగాళ్లందరికీ సీజన్ మొదట్లోనే హిమోగ్లోబిన్ చూడమని ఊరి ఆరోగ్య కేంద్రానికి ఒక ఆర్డర్ వేయండి. ప్రాక్టీసు పొద్దున ఆరింటికి, భోజనం మధ్యాహ్నానికి. ఆ మధ్యలో ఒక గుడ్డు, ఒక చిక్కీ ఇప్పించగలిగితే సంతోషం.

గాయపడ్డ పిల్లను మళ్లీ గాయపరిచేది చాలాసార్లు మనమే. ఒకసారి దెబ్బ తగిలిన చోటే మళ్లీ తగిలే అవకాశం ఎక్కువ. అయినా జిల్లా జట్టులో పేరుందని స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి దింపేస్తాం. డాక్టరో ఫిజియోథెరపిస్టో సంతకం పెడితేనే మళ్లీ ఆడించాలని రూల్ పెట్టండి. గెలవాలన్న ఒత్తిడి మా మీద ఉంటుంది, రూల్ ఉంటే మేమూ దాన్ని చూపించి తప్పుకోగలం.

వేసవి శిబిరాల విషయంలో ఒక్క మాట. మన దగ్గర మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు కావాలి, మొదటి రోజే రెండు గంటలు పరిగెత్తించకూడదు. పిల్ల కుప్పకూలి మాట తడబడితే ముందు చల్లటి నీళ్లతో ఒళ్లు చల్లార్చి, ఆ తర్వాతే అంబులెన్సులో ఎక్కించాలి. ప్రతి శిబిరంలో ఒక డ్రమ్ము నీళ్లు, ఐసు ఉంచమనండి.

మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఆడితే మా స్టాఫ్ రూములో స్వీట్లు పంచుకున్నాం. ఆ పేరు చెప్పుకొని ఆరో తరగతి పిల్లలతో పొద్దున బౌలింగ్, సాయంత్రం బౌలింగ్ అని ఏడాది పొడుగునా ఒకే పని చేయించే శిక్షకులు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఎదిగే ఎముకకు అది మంచిది కాదు. పన్నెండు పదమూడేళ్ల దాకా నాలుగు ఆటలూ ఆడనివ్వమని వాళ్లకు మీరు చెబితే వింటారు, మేం చెబితే వినరు.

జూన్ 12న బడులు తెరిచేనాటికి క్యాలెండర్ మా చేతికొస్తే, మేం ఆ తర్వాతి సోమవారం నుంచే వార్మప్ మొదలుపెడతాం. మ్యాట్లు ఆ తర్వాత వచ్చినా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా